ఒహాయోలో లేని నర్సు

పిస్కాటవే, 2009 జనవరి 18

అత్తా,

ఈ ఉత్తరం పెట్టె అడుగున, బబుల్ కవర్ల కింద పెట్టాను. నీకంటే ముందు మామయ్య తెరిచినా ఆయనకి కనిపించేది ఒక ఇనప డబ్బా. "బిల్లింగ్ కోర్సు నేర్చుకోవడానికి పాత కంప్యూటర్, ఉజ్వల పంపింది" అని చెప్పు. ఫోన్‌లో నువ్వు గుసగుసలాడుతుంటే సగం మాటలు వినపడలేదు. ఆయనేమో ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తూ రోజంతా హాల్లోనే ఉంటారాయె. ఇద్దరికీ కలిపి ఒకే ఈమెయిల్ ఉన్నవాళ్ళు రహస్యాలు పెట్టుకోకూడదు. అందుకే ఈ కాగితం, కలం. మా రూమ్మేట్ పద్మజ చూసి, "ఎవరే ఆ అదృష్టవంతుడు?" అంది. మా మేనత్త అంటే నమ్మలేదు.

యూనివర్సిటీ వాళ్ళు పాత సామాను అమ్మేచోట ఈ డబ్బా దొరికింది. పక్కన సొట్ట ఉంది, గోడవైపు తిప్పేయి. ఇందులో మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ వేరువేరు సంచుల్లో ఉన్నాయి. తక్కువలో అవ్వాలన్నావు, అవుతుంది. పవర్ సప్లై ఒక్కటి మాత్రం కొత్తది కొందాం. చవకది పెడితే మిగతావన్నీ కాలిపోతాయి.

నీ గ్రైండర్ బెల్టు నువ్వే మార్చుకుంటావని నాన్న గొప్పగా చెబుతారు, కాబట్టి నువ్వే బిగించు. ముందు డబ్బాలో ఇత్తడి మరలు ఎక్కించి వాటిమీద బోర్డు పెట్టాలి. నేరుగా ఇనుము మీద పెడితే స్విచ్ వెయ్యగానే కథ కంచికే. కార్పెట్ మీద కూర్చోవద్దు, సిల్కు చీర వద్దు. కిచెన్ టైల్స్ మీద కూర్చుని, మధ్యమధ్యలో డబ్బాని ముట్టుకుంటూ ఉండు. ప్రాసెసర్ మీద పేస్టు కందిగింజంత చాలు, పూతరేకు పూసినట్టు పూయకు.

ఇంతకీ మెడికల్ బిల్లింగ్ నేర్చుకునే నీకు గేమ్స్ ఆడే కంప్యూటర్ ఎందుకత్తా? "తర్వాత చెబుతా" అన్నావు. నీ కూతురి కోసమైతే, నైనికకి తను చదివే బాతెల్‌లో ల్యాప్‌టాప్ ఉందిగా. కాలేజీలో బిజీ అనుకుంటా, నాతోనూ పెద్దగా మాట్లాడటం లేదు.

ఉజ్వల


షాంటిలీ, 2009 ఫిబ్రవరి 1

మేనకోడలా,

డబ్బా చేరింది. మీ మామయ్య దాన్ని చుట్టూ తిరిగి చూసి, "ఇది కంప్యూటరా, బియ్యం డబ్బానా?" అన్నారు. ఆయన ఊరికే అన్న మాటే అది. నేను మాత్రం ఆ మాట వినగానే వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఎందుకో చెబుతాను.

పోయిన థాంక్స్‌గివింగ్ సెలవులకి నైనిక వచ్చింది కదా. వచ్చిన నాలుగు రోజులూ గదిలో తలుపేసుకుని ఆ కంప్యూటర్ ఆటే. చెవులకి హెడ్‌ఫోన్లు, ఎవరితోనో ఒకటే నవ్వులు. వంకాయ కూర చల్లారిపోయింది. నేను పిలిచాను, మళ్ళీ పిలిచాను. తను షవర్‌కి వెళ్ళినప్పుడు లోపలికి పోయి దాని ల్యాప్‌టాప్ వైరు పీకి బియ్యం డబ్బాలో పాతిపెట్టాను. ఆరోజు వాళ్ళ గుంపంతా కలిసి ఏదో పెద్ద కోటలోకి వెళ్ళాలట, ఇది లేక అందరూ ఆగిపోయారట. వచ్చి ఏడ్చింది. నాకేమో ఇంకా కోపం వచ్చింది. "ఆ ఆటలో వాళ్ళే నీవాళ్ళయితే అక్కడికే పో" అన్నాను.

"ఓకే" అంది. అంతే, ఉజ్వలా. అరవలేదు, గొడవ పడలేదు.

అప్పటినుంచి ఫోన్ చేస్తే "ఫైన్ మా, బిజీ మా". ఆ "మా" కూడా బరువుగానే అంటుంది. పొమ్మన్నది నేను, పోయింది అది. ఇక అది ఉన్నచోటికి నేనే వెళ్ళాలి కదా. ఆ ఆటలో ఎవరైనా చేరొచ్చట, నువ్వే ఒకసారి చెప్పావు. నేనని తెలియక్కర్లేదు. ఒక మూల నిలబడి దాని గొంతు వింటాను. అంతకంటే ఏమీ వద్దు.

బోర్డు బిగించాను. ఇత్తడి మరలు తొమ్మిదికి ఎనిమిదే వచ్చాయి. తొమ్మిదోది మా పాత మిక్సీలోంచి తీసి పెట్టాను, సరిపోయింది. పేస్టు బొట్టు పెట్టినట్టు పెట్టాను. ఇది తప్పని నువ్వంటే ఇక్కడితో ఆపేస్తాను.

గిరిజత్త


పిస్కాటవే, 2009 ఫిబ్రవరి 15

అత్తా,

నీ ఉత్తరం బస్సులో చదువుతూ నా స్టాప్ దాటిపోయాను. చలిలో వెనక్కి నడుస్తూ, ఇది తప్పని నీకు రాయాలనే అనుకున్నాను. రూముకొచ్చి బూట్లు విప్పేసరికి రాయబుద్ధి కాలేదు. నడిచినంతసేపు మంచి ఆలోచనలు చేసి, కూర్చోగానే వదిలేసే రకాన్ని నేను. నీకు తెలుసుగా.

గ్రాఫిక్స్ కార్డు పంపుతున్నాను. ఇది లేకపోతే ఆట తెరుచుకుంటుంది గానీ మనుషులు ఫొటోల్లా ఆగి ఆగి కదులుతారు. నా క్లాస్‌మేట్ రఘువీర్‌కి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి సామాను తగ్గించుకుంటున్నాడు. "ఎవరికి?" అన్నాడు. "మా అత్తకి" అన్నాను. పడీపడీ నవ్వి, ఫ్యాన్‌లో దుమ్ము తానే దులిపి ఇచ్చాడు. కార్డు కొంచెం పొడుగు. లోపల హార్డ్ డిస్క్‌కి తగిలితే డిస్క్‌ని ఒక అర కిందికి దింపు. తోసి బిగించకు.

నీకు ఆటలో ఒక మనిషిని తయారుచేసి పెట్టాను, పాస్‌వర్డ్ చీటీ కార్డుతో పాటు పంపే హెడ్‌ఫోన్స్ పెట్టెలో ఉంది. హీలర్ అంటారు. కత్తి పట్టక్కర్లేదు. వెనకాల నిలబడి, దెబ్బలు తగిలినవాళ్ళకి వైద్యం చెయ్యడమే. హీలర్ దొరక్క అన్ని గుంపులూ తిరుగుతుంటాయి, నిన్ను వెంటనే చేర్చుకుంటారు. పేరు నువ్వే పెట్టుకో. నైనిక గుంపు పేరూ, ఆమె పేరూ చీటీ వెనకాల రాశాను. తన పేరు అక్కడ 'మిర్చి'. కారం తగిలితే ఏడ్చే పిల్ల!

ఒక్క సంగతి. వాళ్ళు మైకుల్లో మాట్లాడుకుంటారు, నువ్వు వినొచ్చు. ఆ హెడ్‌ఫోన్స్ మైకుకి టేపు వేసి పంపుతున్నాను. తియ్యకు. ఒక్క మాట మాట్లాడినా దొరికిపోతావు. ఏం చెప్పాలన్నా టైప్ చెయ్యి.

ఆ టేపు వేస్తుంటే దొంగతనానికి తాళంచెవి చేసిచ్చినట్టనిపించింది. ఆలోచిస్తే మనిద్దరిలో నేనే పెద్ద దొంగనేమో. ఇంతకంటే ఇప్పుడు రాయను.

ఉజ్వల


షాంటిలీ, 2009 మార్చి 15

ఉజ్జూ,

వెలిగింది!

స్విచ్ వెయ్యబోతుంటే హాల్లో మీ మామయ్య తుమ్మారు. సరేనని ఆగి, మంచినీళ్ళు తాగొచ్చి, అప్పుడు వేశాను. ఫ్యాను గిర్రున తిరిగి, డబ్బా సొట్టలోంచి నీలం లైటు వచ్చింది. బొట్టు పెడదామనుకుని, కుంకుమ ఫ్యాన్‌లోకి పోతుందని నువ్వు తిడతావని మానేశాను.

ఏ పేరు పెట్టాలా అని చూస్తుంటే ఎదురుగా గ్రైండర్ రాళ్ళు కనిపించాయి. 'గ్రానైట్' అని పెట్టేశాను. మొదటి రోజు గోడలకి కొట్టుకుంటూ నడిచాను. ఒక చెరువులో పడి బయటికి రావడం తెలీక అందులోనే చచ్చాను. రెండో ఆదివారానికి చేతులు కుదిరాయి. ఆదివారం మధ్యాహ్నాలు మీ మామయ్య గుడిలో పార్కింగ్ డ్యూటీకి వెళతారు, వాళ్ళ గుంపు ఆడేది కూడా అప్పుడే. దేవుడే కుదిర్చాడనుకున్నాను. మళ్ళీ ఈ పనికి దేవుణ్ణి లాగడమేమిటని సిగ్గేసింది.

ఉజ్వలా, దాని గొంతు విన్నాను. ఎంత మాట్లాడుతోందో! ఎనిమిది మందిని నువ్విటు రా, నువ్వటు నిలబడు అని నడిపిస్తుంది. ఎవరైనా తప్పు చేస్తే "ఇట్స్ ఓకే, మళ్ళీ ట్రై చేద్దాం" అని ఇంగ్లీషులో ఎంత మెల్లగా అంటుందో. ఇంత ఓపిక దానికెక్కడిది? నా దగ్గర నేర్చుకున్నదైతే కాదు.

మిర్చికి దెబ్బ తగిలితే నా చెయ్యి దానంతటదే పోతుంది. మిగతావాళ్ళు చచ్చిపోతున్నా చూసుకోను. టెక్సాస్ అబ్బాయి ఒకడు, "గ్రానైట్‌కి మిర్చి అంటే ఫేవరిటిజం" అని గోల పెట్టాడు. అందరూ నవ్వారు. అదీ నవ్వింది.

నువ్వెవరని అడిగారు. ఏం చెప్పను? ఒహాయోలో రిటైరైన నర్సుని అని టైప్ చేశాను. మైకు పాడైందన్నాను. "థాంక్యూ గ్రానైట్, యూ ఆర్ ద బెస్ట్" అంది నైనిక. కన్నకూతురు మెచ్చుకుంటే సంతోషించాలి కదా. కానీ అది మెచ్చుకున్నది ఎవరినో.

అత్త


పిస్కాటవే, 2009 ఏప్రిల్ 5

అత్తా,

ఈమధ్య జాబ్ ఫెయిర్‌కి వెళ్ళాను. కంపెనీల కంటే మేమే ఎక్కువ ఉన్నాం. వీసా మాట ఎత్తగానే వాళ్ళ నవ్వు పెదాల మీదే ఆగిపోతుంది. ఉద్యోగం బదులు ఒక పెన్ను ఇచ్చి పంపారు. దానితోనే రాస్తున్నాను, సిరా ఆగి ఆగి వస్తోంది.

నువ్వు గొప్ప హీలర్‌వి అయ్యావని సంతోషంగానే ఉంది. కానీ చెప్పేయి అత్తా. వీలైనంత తొందరగా, నువ్వేనని. ఇంకా ఆలస్యమైతే తనేదైనా నర్సుకి చెప్పుకుంటుంది. అమ్మకి చెప్పకూడనిది. అప్పుడు నువ్వు విన్నదాన్ని వెనక్కి ఇవ్వలేవు.

ఎందుకలా అంటున్నావని అడగకు.

ఉజ్వల


షాంటిలీ, 2009 మే 17

ఉజ్వలా,

నువ్వన్నట్టే అయింది. తీరిగ్గా రాస్తాను, మామయ్య రావడానికి ఇంకా టైముంది.

రెండు వారాల కిందట. ఒక రాక్షసుడి కోట తలుపు దగ్గర అందరం నిలబడ్డాం. నైనిక "రెడీ? త్రీ, టూ..." అంటుండగా ఆ టెక్సాస్ అబ్బాయి మైకులో గట్టిగా తుమ్మాడు. అందరూ "బ్లెస్ యూ" అంటూ లోపలికి పరిగెత్తారు. నేను ఆగిపోయాను. కావాలని కాదు, నా వేలు బటన్ మీదే ఆగిపోయింది. పక్కనున్న గ్లాసులో నీళ్ళు రెండు గుక్కలు తాగి అప్పుడు లోపలికి వెళ్ళాను. ఈలోగా వైద్యం అందక అందరూ చచ్చి పడున్నారు. "గ్రానైట్, వాట్ హ్యాపెండ్?" అని అరిచారు. "నీళ్ళు తాగడానికి వెళ్ళాను, సారీ" అని టైప్ చేశాను. నైనిక మాత్రం ఆ తర్వాత ఆట అయ్యేదాకా పెద్దగా మాట్లాడలేదు. కోపం వచ్చిందనుకున్నాను.

పోయిన ఆదివారం ఆట అయిపోయి అందరూ వెళ్ళిపోయినా మిర్చి వెళ్ళలేదు. కోట బయట రాతి మెట్ల మీద కూర్చుంది. "గ్రానైట్, నిమిషం ఉంటావా?" అంది. కూర్చున్నాను. నువ్వు చూస్తే నవ్వుతావు, బొమ్మలు రెండూ పక్కపక్కన మెట్ల మీద.

చెప్పింది. ఫార్మసీ కాలేజీ మానేసిందట. జనవరి నుంచే. జంతువుల క్లినిక్‌లో పని చేస్తోందట. కుక్కలకి కట్లు కడుతుందట, పిల్లులకి మందులు మింగిస్తుందట. సాయంత్రాలు దానికి సంబంధించిన క్లాసులకే పోతోందట. "ఐ యామ్ హ్యాపీ, గ్రానైట్" అంది. "మా అమ్మకి ఎలా చెప్పాలో తెలీదు. నువ్వయితే, మీ అమ్మాయి ఇలా చేస్తే, ఏమంటావు?" అని అడిగింది.

నేను ఏమంటాను, ఉజ్వలా? చెవుల్లో దాని ఊపిరి వినపడుతోంది. జవాబు కోసం కూర్చుంది. నేను వంగి గోడలోంచి వైరు పీకేశాను. ఏం వైరు పీకానో తర్వాత అర్థమైంది. మళ్ళీ అదే పని.

అప్పటినుంచి డబ్బా మీద గుడ్డ కప్పేశాను. దొంగచాటుగా విన్నాను కాబట్టి కోప్పడే హక్కు లేదు. నేనేనని చెబితే జన్మలో నన్ను నమ్మదు. చెప్పకపోతే, ఆ నర్సు కూడా సమయానికి మాయమైపోయిందని అనుకుంటుంది.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. నీకు ముందే తెలుసా?

అత్త


పిస్కాటవే, 2009 మే 24

అత్తా,

తెలుసు.

జనవరి మొదటి వారంలోనే నైనిక నాకు చెప్పింది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. ఫీజు లోన్ తన పేరు మీదే కాబట్టి ఇంటికి కాగితమేదీ రాదంది. తర్వాత నువ్వు ఫోన్ చేసి కంప్యూటర్ కావాలన్నావు. నీకు మొదటి ఉత్తరంలోనే "నాతోనూ పెద్దగా మాట్లాడటం లేదు" అని అబద్ధం రాశాను. ఆ వారంలో మేం రెండుసార్లు మాట్లాడుకున్నాం.

ఒట్టు నిలబెట్టుకున్నాననే పేరు నాకు కావాలి. నీకు నిజం తెలియాలి. రెండూ కుదరాలని మరలు, బోర్డు, కార్డు ఏరి ఏరి పంపాను. నా నోటితో చెప్పకుండా నీ చెవికి చేరేలా చేశాను. తెలివైన పననుకున్నాను. అది పిరికితనమని ఇప్పుడు రాస్తుంటే కనిపిస్తోంది. నీ మీద గానీ నైనిక మీద గానీ పడాల్సిన తప్పు కాదది. మీ ఇద్దరి మధ్యా తలుపు చప్పుడు కాకుండా తీసింది నేను.

నన్ను తిట్టుకో, కానీ దానికి ముందు ఒకటి ఆలోచించు.

తుమ్మితే ఆగావన్నావు. తుమ్ముకి ఆగి నీళ్ళు తాగే రిటైర్డ్ నర్సు ఒహాయోలో ఎక్కడుంటుందత్తా? శాట్ పరీక్ష రోజు మామయ్య తుమ్మితే నువ్వు కారు తాళాలు ఆయన చేతిలోంచి లాక్కుని, నైనికని లోపలికి పిలిచి నీళ్ళు తాగించావట కదా. "ఎగ్జామ్‌కి లేట్ అవుతుంటే మామ్ వాటర్ తాగమంటోంది" అని ఎన్నిసార్లు చెప్పి నవ్వించిందో నాకు. ఆ పిల్లకి ఆ తలుపు దగ్గర తెలియకుండా ఉంటుందా? నువ్వే రాశావు, ఆ తర్వాత పెద్దగా మాట్లాడలేదని. ఆ మరుసటి వారమే కదా మెట్ల మీద కూర్చుని చెప్పింది.

తను ఆ మాటలు నర్సుకి చెప్పలేదేమో అత్తా. "మీ అమ్మాయి ఇలా చేస్తే ఏమంటావు" అని సూటిగా నిన్నే అడిగిందేమో. మొహం చూసి అడగలేక గ్రానైట్‌ని చూసి అడిగింది. నువ్వు వైరు పీకావు.

నేను పొరబడి ఉండొచ్చు. నైనికకి ఫోన్ చేసి కనుక్కోను. మీ ఇద్దరి మధ్య ఇప్పటికే చాలా మోశాను. కానీ నా అనుమానం నిజమైతే, రెండు ఆదివారాలు తను ఆ మెట్ల దగ్గరికి వచ్చి చూసి వెళ్ళిపోయి ఉంటుంది.

ఉజ్వల


షాంటిలీ, 2009 జూన్ 21

ఉజ్వలా,

నీ మీద రెండు వారాలు కోపంగా ఉన్నాను. అందుకే జవాబు రాయలేదు. మీ నాన్నకి ఫోన్ చేసి చెబుదామని రెండుసార్లు నంబరు నొక్కి ఆపేశాను. ఒట్టు వేసినందుకు కాదు కోపం. వంకాయ కూర గురించీ, బియ్యం డబ్బా గురించీ నేను నీకంత రాస్తుంటే నువ్వు చదివి మడిచి పెట్టుకున్నావు చూడూ, అందుకు. ఆ కోపం కొంచెం ఇంకా ఉంది. ఉండనీ.

గుడ్డ తియ్యడానికి ఇంకో వారం పట్టింది. నువ్వు పొరబడితే? తనకి తెలియకపోతే? ఈవేళ మధ్యాహ్నం మామయ్య కారు సందు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, వచ్చి కూర్చున్నాను.

అందరూ ఆ కోట తలుపు దగ్గరే ఉన్నారు. "గ్రానైట్ ఈజ్ బ్యాక్!" అని గోల చేశారు. నైనిక మాత్రం "హాయ్" అంది. అంతే. దాని గొంతు నాకు ఫోన్‌లో వినపడే గొంతులా ఉంది.

నేను మైకు మీద నువ్వు వేసిన టేపు పీకాను. జిగురు మిగిలిపోయింది, గోటితో గీకాను. నైనికా, నేను అమ్మని అందామని నోరు తెరిచాను. మాట రాలేదు. అక్కడ అది "రెడీ? త్రీ, టూ..." అంటోంది. ఇక ఏం చెయ్యాలో తోచలేదు.

తుమ్మాను.

నా జన్మలో కావాలని తుమ్మడం ఇదే మొదటిసారి. నా తుమ్ము మీ మామయ్య గారేజీ దాకా వినపడుతుంది, నీకు తెలుసుగా. "హూ వాజ్ దట్?" అన్నాడు టెక్సాస్ అబ్బాయి. "బ్లెస్ యూ" అంటూనే అందరూ లోపలికి పరిగెత్తారు.

మిర్చి పరిగెత్తలేదు.

అందరికంటే ముందు వెళ్ళాల్సినది, తలుపు ముందు ఆగిపోయింది. నేనూ అక్కడే. లోపలినుంచి అరుపులు, హీలర్ ఎక్కడ, మిర్చి ఎక్కడ అని.

అప్పుడు దాని తెలుగు వినపడింది, అదే అమెరికా తెలుగు.

"వాటర్ తాగు అమ్మా. తర్వాత వెళ్దాం."

లేచి కిచెన్‌లోకి వెళ్ళాను. కుళాయి తిప్పి గ్లాసు నింపుకుని మొత్తం తాగాను. తిరిగొచ్చేసరికి వెళ్ళిపోయి ఉంటుందనుకున్నాను. ఉంది. లోపల అందరూ చచ్చి తిట్టుకుంటున్నారు, ఇది మాత్రం రాతి మెట్ల మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

"తెలుసా నీకు?" అన్నాను. ఈసారి గొంతు వచ్చింది.

"ఆ స్నీజ్ రోజే తెలిసింది. అందుకే చెప్పాను. యూ జస్ట్ లెఫ్ట్, మా." మళ్ళీ అదే అంది, "గ్రానైట్ అంటే నాకు చాలా ఇష్టం. గ్రానైట్ వింటుంది. నువ్వు వినవు."

నా దగ్గర చాలా మాటలున్నాయి. ఫార్మసీ ఎందుకు మానేశావని, ఒక్క మాటైనా అడగాలని తోచలేదా అని, కుక్కలు కరిస్తే ఏం చేస్తావని. నాలుక మీదిదాకా వచ్చాయి, ఉజ్వలా. "నేను విననా?" అన్న మాట అన్నిటికంటే ముందుంది.

వాటిని అక్కడే ఆపేశాను. హెడ్‌ఫోన్స్ చెవులకి ఇంకొంచెం నొక్కి పెట్టుకుని, "చెప్పు" అన్నాను.

ఇంకా చెబుతూనే ఉంది. వాళ్ళ క్లినిక్‌లో మూడు కాళ్ళ పిల్లి ఒకటి ఉందట, మందు ఎవరు పెట్టినా ఉమ్మేస్తుందట, దీని చేతిలో మాత్రం మింగుతుందట. ఒక చేత్తో నీకు రాస్తూ వింటున్నాను. మామయ్య కారు వచ్చిన చప్పుడు అవుతోంది. ఈవేళ వైరు పీకను.

గిరిజత్త